సున్నపు తేట నుంచి సముద్రం దాకా

తాంబూలం అలవాటున్న ఇంట్లో సున్నపు కాయ ఒకటి ఉంటుంది. తమిళులు దాన్లోని పదార్థాన్ని చుణ్ణాంబు అంటారు. కన్నడిగులు సుణ్ణ అంటారు. ఒడియావాళ్ళూ మరాఠీవాళ్ళూ చూనా అంటారు. మనం సున్నం అంటాం. అన్నిటికీ మూలం సంస్కృతంలోని చూర్ణమే. నాలుగు భాషల నడుమ బతికే మనకు ఇలాంటి చుట్టరికాలు కొత్తవి కావు. అయితే ఈ సున్నం వెనుక ఇంకొక చుట్టరికం ఉంది. అది గాలికీ, నీటికీ, గుల్లకూ మధ్య ఉన్నది. ఆ బంధుత్వపు లెక్కను మనుషులు దాదాపు రెండున్నర శతాబ్దాలుగా కొంచెం కొంచెంగా తెలుసుకుంటూ వచ్చారు. సముద్రం మీద ఆధారపడిన వాళ్ళందరి జీవనానికీ ఇవాళ ఆ లెక్కతో పని పడింది. అది ఎవరికి, ఎప్పుడు, ఎలా తెలిసిందో క్రమంగా చూద్దాం.

గోడలకు వేసే సున్నం రాతి నుంచి రావచ్చు, గుల్ల నుంచీ రావచ్చు. పులికాటు సరస్సు ఒడ్డున, కాకినాడ అఖాతం చుట్టుపక్కల గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి సున్నం చేయడం తరతరాల వృత్తి. గుల్లను కాలిస్తే అందులోంచి ఒక వాయువు బయటికి పోతుంది. మిగిలినదే సున్నం. దాన్ని నీళ్ళతో విరిచి గోడకు పూస్తే, గాలిలోంచి అదే వాయువును మెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. ఆ వాయువే కార్బన్ డయాక్సైడ్. మన పాతకాలపు పాఠ్యపుస్తకాలు దానికి బొగ్గుపులుసు వాయువు అని పేరు పెట్టాయి. బొగ్గు నుంచి పుట్టినది, నీటిలో కలిస్తే పులుపునిచ్చేది అని అర్థం. ఆ పేరు పెట్టిన పెద్దలెవరో గాని, మన కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

స్కాట్లండుకు చెందిన వైద్యుడు జోసెఫ్ బ్లాక్ 1756లో ఈ సంగతిని తూకం వేసి మరీ ప్రచురించాడు. సున్నపురాయిని కాల్చినప్పుడు తగ్గిన బరువు ఒక గాలిదేనని ఆయన చూపించాడు. మనం వదిలే ఊపిరిలో కూడా ఆ గాలి ఉందని తర్వాత సున్నపు తేటతోనే కనిపెట్టాడు. తేరిన సున్నపు నీటిలోకి గొట్టంతో ఊదితే నీరు పాలలా తెల్లబడుతుంది. బడిలో ఈ ప్రయోగం చాలామంది చేసే ఉంటారు. కాని ఎక్కువ బళ్ళలో ప్రయోగం అక్కడితో ఆగిపోతుంది. ఆ తెల్లని నీటిలోకి అదే వాయువును ఇంకా ఇంకా పంపిస్తే తెలుపు విరిగిపోయి, నీరు మళ్ళీ తేట అవుతుంది. మొదట సున్నపు పొడిని పుట్టించిన వాయువే, మోతాదు మించితే ఆ పొడిని కరిగించేస్తుంది. ఈ రెండో సగమే ఇప్పుడు సముద్రంలో జరుగుతున్నది.

లోతులో దొరికిన మొదటి ఆధారం

1872 డిసెంబరులో ఛాలెంజర్ అనే ఓడ ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవు విడిచింది. మూడున్నరేళ్ళు ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి 1876 మేలో ఇల్లు చేరింది. వైవిల్ థామ్సన్ ఆ శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు. జాన్ మరే జీవులనూ అడుగు మట్టినీ పరిశీలించేవాడు. జాన్ బుకానన్ రసాయనాలు చూసేవాడు. తాళ్ళతో సముద్రపు అడుగు మట్టిని పైకి తీసి చూస్తే వాళ్ళకు ఒక వింత క్రమం కనబడింది.

సముద్రపు పై నీళ్ళలో కంటికి ఆనీ ఆనని జీవులు కోట్లాదిగా తేలుతుంటాయి. చాలావాటికి సున్నపు గుల్ల ఉంటుంది. అవి చనిపోతే గుల్లలు కిందికి రాలతాయి. అంటే అడుగున అంతటా తెల్లని సున్నపు బురద ఉండాలి. ఓ మోస్తరు లోతుల్లో అలాగే ఉంది. లోతు పెరిగేకొద్దీ ముందు పలుచని గుల్లలు కనబడకుండా పోయాయి. ఇంకా దిగితే మందపాటివీ తగ్గాయి. మరీ లోతున సున్నమన్నదే లేక, ఎర్రని బంకమన్ను మాత్రం మిగిలింది. పైనుంచి రాలే వాన ఒక్కటే అయినా అడుగున పంట వేరు. దారిలోనో, నేల చేరాకనో గుల్లలు కరిగిపోతున్నాయన్నమాట. చలి, నీటి ఒత్తిడి, కుళ్ళిన పదార్థాల నుంచి పుట్టిన బొగ్గుపులుసు వాయువు, ఈ మూడూ కలిసి లోతు నీటికి సున్నాన్ని కరిగించే గుణం ఇస్తాయి.

కాబట్టి సముద్రం గుల్లను కట్టుకోనిస్తుందనీ, కరిగిస్తుందనీ 19వ శతాబ్దంలోనే తెలుసు. ఆ కరిగే హద్దు ఎక్కడో చీకటి లోతుల్లో ఉందని అప్పటివాళ్ళ నిశ్చింత. ఆ హద్దు పైకి రాగలదన్న ఆలోచన అప్పటికి లేదు.

పులుపును కొలిచే కొలబద్ద

పులుపు ఎంతో చెప్పాలంటే కొలత కావాలి. అది బీరు తయారుచేసే చోట పుట్టింది. డెన్మార్కులోని కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ అనే కొలతను ప్రవేశపెట్టాడు. 7 అంటే మధ్యస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. మరుసటి సంవత్సరమే ఆయన పాలిట్ష్‌తో కలిసి సముద్రపు నీటికి ఈ కొలతను వర్తింపజేశాడు.

ఈ కొలతలో ఒక మెలిక ఉంది. ఇది సంతలో తక్కెడ లాంటిది కాదు. ఒక అంకె దిగితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. పారిశ్రామిక యుగానికి ముందునుంచి ఇప్పటిదాకా సముద్రపు పై నీటి పీహెచ్ సుమారు 0.1 మాత్రమే తగ్గింది. వినడానికి ఇది ఏపాటిది అనిపిస్తుంది. కాని పులుపునిచ్చే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగాయని దాని అర్థం. సముద్రం ఆమ్లంగా మారిపోలేదు. ఇప్పటికీ పీహెచ్ 8.1 ప్రాంతంలోనే, క్షారం వైపే ఉంది. అది నడుస్తున్న దిక్కు మాత్రం మారింది. సముద్రం ఆమ్లీకరణ చెందుతున్నది అన్నప్పుడు ఇంతవరకే అర్థం చేసుకోవాలి. ఎక్కువ చెప్పి భయపెట్టనక్కరలేదు, తక్కువ చెప్పి జోకొట్టనూ అక్కరలేదు.

బొగ్గు కాల్చగా వచ్చే వాయువును సముద్రం మింగేస్తుందిలే అన్న ధీమా చాలాకాలం శాస్త్రజ్ఞుల్లో కూడా ఉండేది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ 1957లో ఆ ధీమాను లెక్కతో ప్రశ్నించారు. గాలిలో ఈ వాయువు 10 శాతం పెరిగితే పై నీటిలో కరిగిన కర్బనం మొత్తం సుమారు 1 శాతమే పెరుగుతుంది. సముద్రం మింగుతుంది నిజమే, కాని మింగేకొద్దీ దానికి గొంతు పడుతుంది. మరుసటి ఏడు, 1958లో, ఛార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనాలోవా పర్వతం మీద గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315 పాళ్ళు ఉన్న బొగ్గుపులుసు వాయువు 2024 నాటికి 420 దాటింది. మనుషులు ఏటా వదిలేదానిలో సుమారు నాలుగో వంతు సముద్రంలో కలుస్తున్నది. అదీ లేకపోతే గాలి ఇంకా వేడెక్కేది. మన వేడిని తగ్గించిన ఆ ఉపకారానికి వెల గుల్లల లోకం చెల్లిస్తున్నది.

2003లో కెన్ కాల్డీరా, మైకేల్ వికెట్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాస్తూ, ఇదే తీరు సాగితే రాబోయే శతాబ్దాల్లో సముద్రపు పీహెచ్ ఎంత దిగుతుందో లెక్క వేశారు. 2005లో లండన్ రాయల్ సొసైటీ దీని మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. అప్పటికి ఇదంతా కాగితాల మీది జోస్యమే అని చాలామంది అనుకున్నారు. అనుకుంటూ ఉండగానే ఒక ఒడ్డున నిజంగా పుట్టి మునిగింది.

ఆరెగాన్ తీరంలో

అమెరికా పశ్చిమ తీరంలో ఆరెగాన్ రాష్ట్రం ఉంది. అక్కడ నేటార్ట్స్ అఖాతం పక్కన విస్కీ క్రీక్ అనే హేచరీ ఉంది. మన కోస్తాలో రొయ్యల చెరువులకు సీడు అమ్మే హేచరీల వంటిదే. అయితే వాళ్ళు పెంచేది ఆల్చిప్ప పిల్లలను. ఆ ప్రాంతపు ఆల్చిప్ప సాగుదార్లలో చాలామంది పిల్లల కోసం దీని మీదే ఆధారపడతారు. పెంచేది జపాను నుంచి తెచ్చి అలవాటు చేసిన జాతి. దానికి ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలోని విల్లాపా అఖాతంలో 2005 నుంచే సహజంగా పుట్టే పిల్లలు నిలవడం మానేశాయి. 2007లో హేచరీ తొట్లలో కూడా పిల్లలు లక్షలాదిగా చనిపోవడం మొదలైంది.

మొదట అనుమానం ఒక సూక్ష్మజీవి మీదకు పోయింది. సహజమే, చెరువులవాళ్ళెవరైనా ముందు తెగులునే అనుమానిస్తారు. నీటిని వడగట్టారు, శుద్ధి చేశారు. అయినా చావులు ఆగలేదు. అప్పుడు అక్కడి అలాన్ బార్టన్ తదితరులు చావులు ఏ రోజుల్లో ఎక్కువో గమనించారు. వేసవిలో ఉత్తరపు గాలి బలంగా వీచిన రోజుల్లో తీరపు నీరు సముద్రం లోపలికి జరిగి, అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీరు తొట్లలోకి వచ్చినప్పుడే పిల్లలు పోతున్నాయి. ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని బర్క్ హేల్స్ ఆ నీటిలోని కర్బనాన్ని కచ్చితంగా కొలిచే పరికరం అమర్చాడు. అంకెలు సమాధానం చెప్పాయి. పైకి వచ్చిన నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ, గుల్ల కట్టుకోడానికి పనికొచ్చే కార్బనేటు తక్కువ. ఈ పరిశీలన 2012లో ప్రచురితమైంది.

ఇక్కడ కొంచెం రసాయనం తప్పదు. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే హైడ్రోజన్ అయాన్లు పుడతాయి. అవి నీటిలో ఉన్న కార్బనేటును పట్టుకుని బైకార్బనేటుగా మార్చేస్తాయి. గుల్లకు కావలసినవి కాల్షియం, కార్బనేటు. కాల్షియానికి సముద్రంలో కొదవ లేదు, కార్బనేటుకే కరువు వస్తుంది. ఇటుకలు కుప్పలుగా పడి ఉన్నా అడుసు దొరకని మేస్త్రి పరిస్థితి. జీవి తన ఒంట్లోని శక్తిని ఖర్చుపెట్టి ఆ లోటు పూడ్చుకోవాలి. పెద్ద ఆల్చిప్పకు ఆ శక్తి ఉంటుంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఉండదు. అది సుమారు రెండు రోజుల్లో మొదటి గుల్లను కట్టుకోవాలి, అదీ ఇంకా సరిగా తిండి తినడం మొదలుపెట్టకుండానే, తల్లి గుడ్డులో పెట్టిన కొద్దిపాటి సత్తువతోనే. ఆ రెండు రోజులు నీరు అనుకూలించకపోతే ఉన్న మూలధనమంతా గుల్లకే అయిపోతుంది. కొన్నాళ్ళు బతికినట్టే కనబడి తర్వాత రాలిపోతుంది. పులుపు పెద్ద గుల్లను చెక్కి చంపడం కాదిది. పసిబిడ్డను పురిట్లోనే అప్పులపాలు చేయడం.

హేచరీవాళ్ళు చేసిన ఉపాయం చాలా సాదా. నీటి మొక్కలు పగలంతా ఎండకు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి కనుక, ఉదయం కాక మధ్యాహ్నం దాటాక నీరు తోడుకున్నారు. అవసరమైనప్పుడు నీటిలో సోడియం కార్బనేటు, అంటే మన బట్టల సోడా వంటి పదార్థం కలిపారు. పిల్లలు నిలిచాయి. తొట్టెలో నీటికి ఇది చాలు. సముద్రానికి సోడా కలపలేం కదా.

ఆ సంఘటనలో తలచుకోవలసినది మరొకటి ఉంది. అడుగునుంచి పైకి వచ్చిన ఆ నీరు కొన్ని దశాబ్దాల కిందట ఉపరితలాన్ని తాకి లోపలికి వెళ్ళినది. అందులో కుళ్ళుడు వల్ల సహజంగా చేరిన వాయువుకు తోడు, అప్పటి గాలిలో మనుషులు కలిపినది కూడా ఉంది. ఇవాళ్టి గాలిని తాకిన నీరు పైకి వచ్చేది మన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక. తాతల బాకీ మనవల గుమ్మం ముందుకు రావడమంటే ఇదే.

అన్ని ప్రాణులూ ఒక్కలా లేవు

ఈ కథను ఒకే దారిలో నడిపిస్తే అబద్ధమవుతుంది. 2009లో జస్టిన్ రీస్, ఆయన సహచరులు 18 రకాల గుల్ల జీవులను రకరకాల మోతాదుల బొగ్గుపులుసు నీటిలో పెంచి చూశారు. 10 జాతులకు గుల్ల పెరుగుదల మందగించింది, కొన్నిటికి ఉన్నదే కరిగింది. 7 జాతులకు కొన్ని మోతాదుల్లో పెరుగుదల హెచ్చింది. ఒక జాతికి ఏ తేడా లేదు. గుల్ల పెంచుకున్న వాటిలో పీతలు, రొయ్యలు, లోబ్‌స్టర్లు ఉన్నాయి. అయితే గుల్ల బరువు పెరిగినంతమాత్రాన ఒంటికి మేలు జరిగినట్టని అనుకోరాదు.

ఇటలీలో నేపుల్స్ దగ్గర ఇస్కియా దీవి ఒడ్డున సముద్రపు అడుగునుంచి బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వస్తూ ఉంటుంది. ప్రకృతే ఏర్పాటు చేసిన ప్రయోగశాల అది. జేసన్ హాల్-స్పెన్సర్ బృందం 2008లో అక్కడి సంగతులు ప్రచురించింది. బుడగల దగ్గరికి వెళ్ళేకొద్దీ గుల్ల జీవులు తగ్గిపోయాయి, నత్తల గుల్లలు కరిగి కనబడ్డాయి, సముద్రపు గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది. దక్షిణ ధ్రువ సముద్రంలో తేలే చిన్న నత్తలున్నాయి. రెక్కల్లాంటి వాటితో ఈదుతాయి కాబట్టి వాటిని సముద్రపు సీతాకోకచిలుకలంటారు. 2008లో పట్టి తెచ్చిన వాటి గుల్లలు బతికుండగానే కరుగుతున్నట్టు నినా బెడ్నార్షెక్ తదితరులు 2012లో చూపించారు. ఛాలెంజర్ ఓడవాళ్ళు లోతున ముందుగా మాయమైనట్టు గుర్తించిన పలుచని గుల్లలు ఈ జాతివే.

తప్పటడుగులూ ఉన్నాయి. పులుపెక్కిన నీటిలో పగడపు దిబ్బల చేపలు వాసన పట్టలేక శత్రువు వైపే ఈదుతాయని 2009 నుంచి కొన్ని పరిశోధనలు ప్రపంచమంతా ప్రచారమయ్యాయి. 2020లో టిమొతీ క్లార్క్ బృందం అవే ప్రయోగాలు మళ్ళీ చేసి, చెప్పుకోదగ్గ ప్రభావమేదీ కనబడలేదని ప్రకటించింది. దాంతో మొత్తం విషయమే బూటకమని కొందరు చంకలు గుద్దుకున్నారు. అది సరికాదు. చేపల ప్రవర్తన సంగతి వేరు, సున్నపు లెక్క వేరు. ఒక శాఖ విరిగితే చెట్టు పడిపోదు. విరిగిందని చెప్పగల ధైర్యమే శాస్త్రానికి బలం.

మన ఒడ్డు సంగతి

ఇక మన బంగాళాఖాతం. ఇందులోకి పెద్ద నదులు మంచినీరు తెచ్చి పోస్తాయి. మంచినీటికి పులుపును తట్టుకునే శక్తి ఉప్పునీటికంటే తక్కువ. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాఖకు చెందిన శర్మ, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, వర్షాకాలపు వరదలో గోదావరి ముఖద్వారపు నీటిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు హెచ్చుతుంది. గౌతమి ఒడ్డునున్న యానాం పాఠకులకు అది కూతవేటు దూరంలోని మాట. అక్కడి గుల్ల జీవులు ఏటా ఈ ఎగుడుదిగుళ్ళకు అలవాటు పడినవే. అలవాటు ఉన్నంత మాత్రాన ఓర్పుకు హద్దు లేదనుకోకూడదు. అదే సంస్థవాళ్ళు 1991, 2011 కొలతలను పోల్చి 2015లో మరో సంగతి చెప్పారు. బంగాళాఖాతపు వాయవ్య తీరంలో పులుపు పెరిగే వేగం మామూలుకంటే హెచ్చుగా ఉంది. నేల మీది పొగలోంచి వచ్చి సముద్రంలో పడే గంధక, నత్రజని ధూళికీ దానికీ సంబంధం ఉందని వాళ్ళు భావించారు.

వాయవ్య తీరమంటే ఒడిశా వైపు. పూరీలో పెంఠకట అనే పేట ఉంది. తరాల కిందట వలస వెళ్ళి, ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే జాలర్లు అక్కడ వేలాదిగా ఉన్నారు. గోపాలపురం ఒడ్డునా మనవాళ్ళే. తమిళనాడు వైపు పులికాటు ఉంది. ఆ తీరాల ఏటి మొగల్లో దొరికే ఆల్చిప్పకు శాస్త్రంలో పేరే మద్రాసు మీదుగా పెట్టారు, మద్రాసెన్సిస్ అని. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970ల నుంచే దాని సాగు మీద ప్రయోగాలు చేస్తూ వచ్చింది.

ఆరెగాన్ కథలో అసలు పాఠం ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. అక్కడ సంగతి ఎందుకు బయటపడింది? తొట్టెలో ఎన్ని పిల్లలు వేశారో, ఎన్ని మిగిలాయో ఎవరో రోజూ రాసిపెట్టుకున్నారు గనుక. గాలి ఎటు వీచిందో గమనించారు గనుక. ఆ లెక్క పట్టుకుని కొలిచేవాళ్ళ దగ్గరికి వెళ్ళారు గనుక. తెరిచిన తీరంలో గుల్ల పిల్లలను లెక్కపెట్టే నాథుడు లేడు. అక్కడ ఏదైనా తగ్గితే తల్లి కోపం అంటాం, కాలం మారింది అంటాం, లేదా పక్క పేటవాడి వల మీద నెపం వేస్తాం. తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయి. వేట ఎక్కువ కావడం, మురుగు, నీరు వేడెక్కడం, మొగ పూడిపోవడం, ఇవన్నీ ఉన్నాయి. ప్రతి నష్టాన్నీ పులుపు ఖాతాలో రాయడం కూడా అన్యాయమే. ఏది ఎంతో తేలాలంటే లెక్క ఉండాలి.

2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న లక్ష్యాల్లో పద్నాలుగోది సముద్రాలది. అందులో ఈ ఆమ్లీకరణను తగ్గించడం కూడా ఒక అంశంగా చేర్చారు. అసలు మందు బొగ్గు, చమురు మంటలను తగ్గించడమే. అది దేశాల చేతిలో పని. మన చేతిలోనూ కొంత ఉంది. ఏ ఋతువులో ఏ గుల్ల ఒడ్డుకు కొట్టుకొస్తుంది, ఏది అరుదైంది, ఏది పలుచబడింది అన్నది తీరంలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళకు తెలుసు. ఆ గుల్లల పేర్లు వాళ్ళ నోట తెలుగులోనే ఉన్నాయి, చాలావరకు నిఘంటువులకెక్కని తెలుగులో. రాష్ట్రం అవతల మన భాష నిలబడాలని కోరుకునే వాళ్ళం మనం. ఆ పేర్లనూ, వాటితోపాటు ఆ జ్ఞాపకాలనూ సంవత్సరాలు వేసి రాసిపెడితే భాషకు భాషా మిగులుతుంది, రేపు కొలవడానికి వచ్చేవాళ్ళకు మొదటి పుటా దొరుకుతుంది.

బడిపంతుళ్ళకు ఒక మనవి. సున్నపు తేట ప్రయోగం చేయించేటప్పుడు నీరు తెల్లబడగానే ఆపకండి. తెలుపు విరిగేదాకా వాయువును పంపించి చూపించండి.